"అర్థమైందా?" అంటే అందరూ "యెస్ టీచర్": టాంజానియా పల్లె బడిలో రెండేళ్లు

కిందటి ఎపిసోడ్‌లో టాంజానియా ప్రయాణం గురించీ, దొడోమా ప్రాంతంలో నేను 2018, 2019 సంవత్సరాల్లో వాలంటీర్‌గా లెక్కలు చెప్పిన పల్లె గురించీ మాట్లాడుకున్నాం. అది చూసినవాళ్ళు చాలామంది అడిగింది ఒకటే. "సార్, అక్కడ రోజూ మిమ్మల్ని బాగా విసిగించింది ఏంటి?" అని.

కరెంటు లేదనో, మలేరియా అనో చెప్తాననుకుంటారు. అవీ ఉన్నాయి. కానీ కరెంటు లేకపోవడం పదిహేను రోజుల్లో అలవాటైపోతుంది. దోమతెర కట్టుకోవడం కూడా అంతే. రోజూ ప్రాణం తీసేవి వేరే ఉంటాయి. చిన్నచిన్నవి. ఇంటికి ఫోన్ చేసి చెప్తే "దీనికే అంత కోపమా?" అంటారు, అలాంటివి.

చెప్పే ముందు ఒక పాత సంగతి. 1961లో అమెరికా పీస్ కోర్ మొదలైన కొత్తలో, శిక్షణ కోసం నైజీరియాలోని ఇబాదాన్ యూనివర్సిటీకి వెళ్ళిన ఒక అమెరికన్ అమ్మాయి తన స్నేహితుడికి పోస్టుకార్డు రాసింది. ఇక్కడి బతుకు ఎంత వెనకబడి ఉందో అని అందులో ఆశ్చర్యపోయింది. ఆ కార్డు పోస్టు అవ్వకుండానే అక్కడి విద్యార్థుల చేతిలో పడింది. వాళ్ళు దాని కాపీలు తీసి పంచారు. పెద్ద గొడవైంది, ఆ అమ్మాయి తిరిగి వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఆమె రాసిందాంట్లో అబద్ధం ఉందని కాదు. చూసింది రాసింది, అది ఎందుకలా ఉందో రాయలేదు. అందుకని నేను ఒక్కో విసుగూ చెప్తూ దాని వెనక కారణం కూడా చెప్తాను. నా లెక్కలో విసుగులు రెండు రకాలు. కారణం తెలిస్తే చల్లారేవి కొన్ని. కారణం తెలిసినకొద్దీ ఇంకా మండేవి కొన్ని.

మొదటి రకంతో మొదలుపెడదాం. గడియారం.

హెడ్మాస్టర్ దగ్గర్నుంచి మెసేజ్ వస్తుంది: రేపు మీటింగ్ "సా 8"కి అని. సా అంటే గంట. కొత్తగా వచ్చిన విదేశీయుడు పొద్దున ఎనిమిదికి వెళ్ళి కూర్చుంటాడు. పదవుతుంది, పన్నెండవుతుంది, ఒక్కరూ రారు. మధ్యాహ్నం రెండింటికి అందరూ నవ్వుకుంటూ వస్తారు, కరెక్ట్ టైముకి. ఎందుకంటే స్వాహిలి లెక్కలో రోజు తెల్లవారుజామున మొదలవుతుంది. మన ఏడు గంటలు వాళ్ళకి "సా మోజా", అంటే ఒకటో గంట. మన మధ్యాహ్నం పన్నెండు వాళ్ళకి ఆరు. ఎనిమిదంటే మనకి రెండు. అది భూమధ్యరేఖకి దగ్గర దేశం కాబట్టి ఏడాది పొడుగునా సూర్యుడు దాదాపు ఒకే టైముకి వస్తాడు. అలాంటిచోట పొద్దు పొడవడం నుంచి లెక్కపెట్టుకోవడమే తెలివైన పని కదా. మన పంచాంగం మాత్రం ఏం చేస్తుంది? సూర్యోదయం నుంచే కదండీ ఘడియలు లెక్కపెట్టేది. ఇది తట్టాక నాకు ఆ గడియారం మీద కోపం పోయింది. ఇప్పటికీ నా చేతి వాచీ చూసి ఆరు గంటలు కలపడమో తీసేయడమో చేస్తుంటాను, అలవాటు పోలేదు.

తర్వాత పలకరింపులు. ఇంటి నుంచి బడికి పది నిమిషాల నడక. ఇరవై ఐదు నిమిషాలు పట్టేది. ఎదురొచ్చిన ప్రతి మనిషితో పొద్దుటి కబురేంటి, ఇంటి కబురేంటి, పని కబురేంటి, రాత్రి ఎలా నిద్రపట్టింది, ఇవన్నీ అయితేగానీ ముందుకి కదలకూడదు. బెల్లు వినపడుతూనే ఉంటుంది. పెద్దవాళ్ళు కనబడితే "షికామో" అనాలి, వాళ్ళు "మరహబా" అని జవాబిస్తారు. మీ పాదాలు పట్టుకుంటున్నాను అనే అర్థం నుంచి ఆ మాట వచ్చిందని అక్కడివాళ్ళే చెప్తారు. ఇది తెలుగువాళ్ళకి వేరే వివరించక్కర్లేదు.

ఇక "బాడో" అనే మాట. "ఇంకా లేదు" అని అర్థం. హోంవర్క్ చేశావా? బాడో. సున్నం వచ్చిందా? బాడో. పెళ్ళైందా? బాడో. డెబ్భై ఏళ్ళ బ్రహ్మచారిని అడిగినా బాడో అనే అంటాడు. మొహం మీద లేదు, కాలేదు అని కొట్టినట్టు చెప్పడం మర్యాద కాదు. ఎప్పటికీ రాని సుద్దముక్కల డబ్బా కూడా "ఇంకా రాలేదు" అంతే. మన ఆఫీసుల్లో "పైకి పంపామండీ" అంటారు చూడండి, దానికంటే ఇది నయం, ఒక్క మాటలో తేలిపోతుంది.

కొంచెం పెద్ద విసుగు పనుల గురించి. పాఠానికి వెళ్తే సగం క్లాసు ఉండదు. ఒక బ్యాచ్ నీళ్ళకి వెళ్ళింది, ఒక బ్యాచ్ గడ్డి కొడుతోంది, ఇంకొందరు వంటచెరకు తేవడానికి వెళ్ళారు. పొద్దున బడికి రాగానే ముందు "ఉసాఫి", అంటే శుభ్రం చేయడం. నీళ్ళు చల్లి, చెట్టు రెమ్మలతో మట్టి ఆవరణంతా ఊడుస్తారు. బయటి నుంచి వచ్చినవాళ్ళకి పిల్లల చేత చాకిరీ చేయిస్తున్నారనిపిస్తుంది. దీని మూలం 1967లో ఉంది. తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరే రాజకీయాల్లోకి రాకముందు బడిపంతులు. దేశమంతా ఆయన్ని "మ్వాలిము" అంటుంది, అంటే టీచర్ అని. ఆయన 1967లో "ఎలిము యా కుజితెగెమెయా", స్వావలంబన కోసం చదువు, అనే విధానం ప్రకటించారు. వలస పాలకుల చదువు పిల్లల్ని సొంత పొలం నుంచి, సొంత ఊరి నుంచి విడదీస్తోంది, బడికి కూడా పొలం ఉండాలి, పిల్లలు పని చేయాలి అన్నది అందులో వాదం. మన గాంధీగారి బునియాదీ విద్య గుర్తొచ్చి ఉంటుంది మీకు. ఆలోచన గొప్పదే. తర్వాత దేశం ఆర్థికంగా చితికిపోయాక దాంట్లో మిగిలింది గడ్డి కొట్టడం, నీళ్ళు మొయ్యడం. ఇరవై లీటర్ల పసుపు డబ్బా నెత్తిన పెట్టుకుని పన్నెండేళ్ళ పిల్ల వస్తుంటుంది. ఆ నీళ్ళు లేకపోతే మధ్యాహ్నం బడిలో ఉగాలి ఉడకదు. ఉగాలి అంటే మొక్కజొన్న పిండితో చేసే ముద్ద. రాగిసంగటి తిన్న నోటికి అదేం పెద్ద కష్టం కాదు. నీళ్ళు పక్కనే ఉంటే ఆ గంట పాఠానికి దొరికేది, అంతే తేడా. ఇందులో ఎవరి మీద కోప్పడతాం?

ఇంకోటి, తెల్లవాళ్ళకి రాని తిప్పలు మనవాళ్ళకి వస్తాయి. నేను అక్కడ "మ్హిందీ", అంటే ఇండియన్. తూర్పు ఆఫ్రికాలో ఇండియన్ అంటే షాపు ఓనర్. ఎక్కువమంది గుజరాతీ వ్యాపారులు కాబట్టి ఆ ముద్ర పడింది. బడిలో చేరిన మూడో నెల వరకూ ఊరివాళ్ళు "మీ దుకా ఎక్కడ?" అని అడుగుతూనే ఉన్నారు. దుకా అంటే దుకాణమే. ఆ భాషలో మన మాటలు ఎన్ని ఉన్నాయో అప్పుడే తెలిసింది. డబ్బుకి పేసా, బండికి గారి, గోనె సంచికి గునియా, లక్షకి లాకి. లక్ష అనే లెక్క ఉన్న భాష దొరికేసరికి లెక్కల మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. అయితే ఇండియన్ అంటే డబ్బున్నవాడు కాబట్టి అప్పు అడగడం కూడా ఉండేది. జీతం లేని వాలంటీర్‌నని, నాకు వచ్చేది భోజనం ఖర్చేనని చెప్తే ఒక్కరూ నమ్మలేదు. వాళ్ళని తప్పుపట్టలేం. వేల మైళ్ళ దూరం నుంచి విమానం ఎక్కి ఊరికే లెక్కలు చెప్పడానికి ఎవరు వస్తారు?

అసలు బయటివాళ్ళని ఆ ప్రాంతం తేలిగ్గా నమ్మకపోవడానికి ఇంకో కారణం ఉంది. మాది అనంతపురం వైపు కాబట్టి ఇది విని నాకు నోట మాట రాలేదు. దొడోమా ప్రాంతంలోనే కోంగ్వా అని ఒక చోటుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటన్‌లో వంటనూనెలకీ కొవ్వులకీ కటకట వచ్చింది. 1947లో బ్రిటిష్ ప్రభుత్వం తూర్పు ఆఫ్రికాలో ముప్పై లక్షల ఎకరాలకు పైగా వేరుశనగ వేయాలని పథకం పెట్టి, కోంగ్వాలో మొదలుపెట్టింది. యుద్ధంలో మిగిలిన ట్రాక్టర్లు తెచ్చారు, ట్యాంకుల్ని కూడా దున్నే యంత్రాలుగా మార్చారు. అక్కడ బావొబాబ్ చెట్లు ఏనుగుల్లా ఉంటాయి, అవి పడలేదు. వాన సరిగ్గా పడలేదు. నేల బంకమట్టి, ఎండకి సిమెంటులా గట్టిపడి కాయ పైకి రాలేదు. 1951లో మూసేశారు. మూడు కోట్ల అరవై లక్షల పౌండ్లు మట్టిలో కలిశాయి. మా ఊళ్ళో ఏ రైతుని పిలిచినా, కాయ దిగే టైముకి పదును లేకపోతే చెట్టు తెగి కాయ నేలలోనే ఉండిపోతుందని చెప్పేవాడు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ వేరుశనగ పండిస్తారు, చిన్నచిన్న మళ్ళలో, చేత్తో. మా స్టాఫ్ రూమ్‌లో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తింటూ ఈ కథ చెప్పుకుని నవ్వేవాళ్ళు. సహాయం చేయడానికి వచ్చానని ఎవరైనా చెప్తే ఆ నవ్వులో కొంచెం నా వైపు కూడా వచ్చేది.

ఇవన్నీ చల్లారే రకం. ఇప్పుడు రెండో రకానికి వద్దాం.

నా క్లాసు ఫారం వన్, మన ఎనిమిదో తరగతి అనుకోండి. ఒకే గదిలో ఎనభై మంది పైన. 2016 జనవరి నుంచి సెకండరీలో కూడా ఫీజులు ఎత్తేశారు, పిల్లలు పెరిగారు, గదులూ టీచర్లూ పెరగలేదు. అయినా ఎనభై మంది నాకు సమస్య కాదు. పాఠం చెప్పి "అర్థమైందా?" అంటాను. ఎనభై గొంతులు ఒక్కసారి, "యెస్ టీచర్!" రేకుల కప్పు అదిరిపోతుంది. ఒక్కణ్ణి లేపి అడిగితే నేల చూస్తాడు. మళ్ళీ చెప్తాను. మళ్ళీ యెస్ టీచర్. గోడకి చెప్పినా అంతే. ఇలా రోజూ, ఆరేడు పీరియడ్లు. సాయంత్రానికి తల పగిలిపోయేది.

దీని సంగతేంటంటే, నేనున్నప్పుడు టాంజానియాలో ప్రభుత్వ బడుల్లో ప్రైమరీ ఏడేళ్ళూ స్వాహిలిలో చదువు. ఇంగ్లీషు ఒక సబ్జెక్టు మాత్రమే. సెకండరీలో అడుగుపెట్టిన రోజు నుంచి స్వాహిలి సబ్జెక్టు తప్ప మిగతావన్నీ ఇంగ్లీషులో. మొదట్లో కొన్ని వారాలు ఇంగ్లీషు నేర్పిస్తారు, తర్వాత నేరుగా ఆల్జీబ్రా, బయాలజీ. దానికి తోడు మా ఊరి పిల్లల ఇంటి భాష గోగో. అంటే స్వాహిలి వాళ్ళకి రెండో భాష, ఇంగ్లీషు మూడోది. ఆ మూడోది కూడా వాళ్ళ చెవిన పడేది బడి గోడల మధ్యే.

ఒక ఉదాహరణ చెప్తాను. స్వాహిలిలో త్రిభుజాన్ని "పెంబెతాతు" అంటారు. పెంబె అంటే మూల, కొమ్ము అని కూడా. తాతు అంటే మూడు. పేరులోనే అర్థం ఉంది, మన త్రికోణం లాగే. ఐదో తరగతి పిల్లవాడు ఆ మాట మొదటిసారి విన్నా బొమ్మ గీయగలడు. "ట్రయాంగిల్" అంటే వాడికి ఒట్టి చప్పుడు. మొక్కలు వెలుతురుతో ఆహారం చేసుకోవడాన్ని "ఉసానిసినూరు" అంటారు. నూరు అంటే వెలుగు, అది అందులోనే వినిపిస్తోంది. ఇన్నేళ్ళు ఆ మాటలతో కట్టుకున్న ఇల్లంతా ఒక్క జనవరిలో కూల్చేసి, కొత్త భాషలో పునాది నుంచి కట్టుకో అంటున్నాం పన్నెండు పదమూడేళ్ళ పిల్లల్ని. తెలుగు మీడియంలో పదో తరగతి ఫస్టు క్లాసులో పాసై, ఇంటర్ మొదటి రోజు ఫిజిక్స్ క్లాసులో బిక్కచచ్చి కూర్చున్నవాళ్ళు ఇది చూస్తుంటే వాళ్ళకి బాగా తెలుస్తుంది.

అప్పుడు పిల్లలు చేసేది ఒకటే. టీచర్ మాట సగంలో ఆపితే మిగతా సగం అందించడం. "దిస్ ఈజ్ ఎ ట్రై...?" అంటే క్లాసంతా "...యాంగిల్!" బయటి నుంచి చూస్తే పాఠం బ్రహ్మాండంగా నడుస్తున్నట్టుంటుంది. బోర్డు మీదున్నది అందంగా నోట్సులోకి ఎక్కించుకుంటారు, ఆ చేతిరాత చూస్తే ముచ్చటేస్తుంది. పరీక్షలో దాన్నే ఏ ప్రశ్న ఉన్నా దించేస్తారు. "యెస్ టీచర్" అనేది అబద్ధం కాదండీ. మీరు మాట్లాడటం ఆపారు, మేం విన్నాం, అని దాని అర్థం.

ఇది కొత్తగా బయటపడిన సంగతి కూడా కాదు, అదే మంట. 1982లో మక్వేటా కమిషన్ సెకండరీ చదువు కూడా స్వాహిలిలోకి మార్చమని సిఫారసు చేసింది. జరగలేదు. 1984లో క్రిపర్, డాడ్ అనే ఇద్దరు బ్రిటిష్ నిపుణులు పరీక్షించి, పాఠాలు అర్థం చేసుకునేంత ఇంగ్లీషు పిల్లలకి లేదని తేల్చారు. తేల్చి, ఇంగ్లీషునే కొనసాగించి బాగుచేయమన్నారు. 2012 ఫారం ఫోర్ ఫలితాలు వచ్చినప్పుడు రాసినవాళ్ళలో అరవై శాతం మంది డివిజన్ జీరో, అంటే ఫెయిల్. దేశం గగ్గోలు పెట్టింది, కమిటీ వేశారు, ఫలితాలు రద్దుచేసి మళ్ళీ లెక్కకట్టారు. 2015లో విడుదలైన కొత్త విద్యా విధానంలో స్వాహిలిని పై తరగతుల దాకా తీసుకెళ్తామని రాశారు. నేను ఉన్న రెండేళ్ళూ నా క్లాసు ఇంగ్లీషులోనే నడిచింది. న్యెరేరే స్వయంగా షేక్స్‌పియర్ నాటకాలు రెండు స్వాహిలిలోకి అనువదించిన దేశం అది. జూలియస్ సీజర్ పట్టే భాషలో పైథాగరస్ పట్టదా?

మరి స్వాహిలిలో పెట్టేయొచ్చుగా అని తల్లిదండ్రుల్ని అడిగాను. వద్దన్నారు. ఇంగ్లీషు వస్తేనే ఉద్యోగం, మా పిల్లలు ఇక్కడే ఉండిపోవాలా అన్నారు. ఆంధ్రలో ఇంగ్లీషు మీడియం గొడవ జరిగినప్పుడు పల్లెల్లో విన్న మాటే, అక్షరం పొల్లుపోకుండా. వాళ్ళు కోరుకునేది ఇంగ్లీషు రావడం, వాళ్ళకి దొరుకుతున్నది ఇంగ్లీషులో ఏమీ రాకపోవడం. ఈ రెండింటి మధ్యా తేడా ఒక పేద తండ్రికి చూపించాలంటే నాలుగేళ్ళు పడుతుంది, ఫారం ఫోర్ రిజల్టు వచ్చేదాకా.

అక్కడి లెక్కల టీచర్, నా సహోద్యోగి, గుట్టుగా ఒక పని చేసేవాడు. ఇన్‌స్పెక్షన్ లేని రోజుల్లో తలుపు దగ్గరగా వేసి స్వాహిలిలో చెప్పేవాడు. గోడ మీద మాత్రం "స్పీక్ ఇంగ్లీష్ ఓన్లీ" బోర్డు వేలాడుతూ ఉండేది. మేమిద్దరం కూర్చుని ఒక పొడుగు చార్టు మీద స్వాహిలి మాట, ఇంగ్లీషు మాట, బొమ్మ పక్కపక్కన వేసి తగిలించాం. నా స్వాహిలి కొంచెం కుదురుకున్నాక, ఒక మధ్యాహ్నం వెనక బెంచీ నుంచి మొట్టమొదటిసారి ఒక పిల్లవాడు లేచి, "నాకు అర్థం కాలేదు" అన్నాడు, స్వాహిలిలో. రెండేళ్ళలో నేను విన్న మంచి మాట అదే.

బెత్తం సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎక్కువసేపు మాట్లాడాలని లేదు. అక్కడ బడిలో కొట్టడం చట్టసమ్మతమే. నాలుగు దెబ్బలకి మించకూడదు, హెడ్మాస్టర్ లేదా ఆయన అనుమతించినవాళ్ళే కొట్టాలి, పుస్తకంలో రాయాలి అని నిబంధన. ఆ పుస్తకం నేను చూసినప్పుడు దాదాపు ఖాళీ. 2018 ఆగస్టులో బుకోబాలో ఒక పదమూడేళ్ళ పిల్లవాడు టీచర్ దెబ్బలకి చనిపోయాడు. దేశమంతా అట్టుడికింది. ఆ వారం మా స్టాఫ్ రూమ్‌లో బెత్తాలు కనబడలేదు. తర్వాత వారం వచ్చాయి. నేను కొట్టను అన్నందుకు పిల్లలే వింతగా చూశారు. మన ఊళ్ళలో "రెండు తగిలించండి సార్, మీ బిడ్డే అనుకోండి" అనే తండ్రులు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి నేను ఆఫ్రికా అని ముక్కు విరవను.

చివరిగా ఒకటి. మా బడికి పన్నెండు పదిహేను కిలోమీటర్ల దూరం నుంచి కూడా పిల్లలు వస్తారు. రోజూ నడవలేక బడి పక్కన చిన్న గదులు అద్దెకి తీసుకుంటారు. వాటిని "గెటో" అంటారు. పద్నాలుగు పదిహేనేళ్ళ ఆడపిల్లలు, పెద్ద దిక్కు లేకుండా, వాళ్ళే వండుకుని, వాళ్ళే తలుపు గడియ పెట్టుకుని. ఫారం త్రీలో ఒక అమ్మాయి ఉండేది. నేను బోర్డు మీద లెక్క రాయడం పూర్తవకముందే జవాబు చెప్పేది. జూన్ సెలవుల తర్వాత రాలేదు. వారం చూసి అడిగితే హాజరుపట్టీలో ఆ పేరు మీద ఎర్రగీత చూపించారు. "మింబా" అన్నారు. గర్భం.

అప్పటికి రూలు అది. నైతికతకు భంగం కలిగిస్తే బడి నుంచి తీసేయొచ్చని 2002 నిబంధనల్లో ఉంది, గర్భాన్ని అందులో కలిపేశారు. 2017 జూన్‌లో అధ్యక్షుడు మగుఫులి బహిరంగ సభలోనే, తల్లైన పిల్లలు మళ్ళీ బడికి రావడం తన హయాంలో జరగదని తేల్చి చెప్పారు. బడిపిల్లని గర్భవతిని చేసినవాడికి ముప్పై ఏళ్ళ జైలు అని 2016లో చట్టం సవరించారు. కానీ పల్లెల్లో అవి కోర్టు దాకా వెళ్ళడం కష్టం, రెండిళ్ళ మధ్య రాజీ కుదిరిపోతుంది. ఎర్రగీత మాత్రం వెంటనే పడుతుంది. నేను హెడ్మాస్టర్‌తో మాట్లాడాను. ఆయన చెడ్డవాడు కాదు. "మ్వాలిము, మీ గడువు డిసెంబర్‌కి అయిపోతుంది, నా ఉద్యోగం ఇక్కడే" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. వాలంటీర్‌కి ఉన్న అసలు ఇబ్బంది అదేనేమో, వాడు వెళ్ళిపోతాడని అందరికీ తెలుసు.

ఆ నిషేధాన్ని 2021 నవంబరులో, సామియా సులుహు హసన్ అధ్యక్షురాలయ్యాక ఎత్తేశారు. ఇప్పుడు ప్రసవం తర్వాత తిరిగి చేరవచ్చు. నా సహోద్యోగి వాట్సాప్‌లో ఆ వార్త పంపితే, ఆ అమ్మాయి చేరిందా అని అడిగాను. "బాడో" అని వచ్చింది. సంతలో మందాజీలు అమ్ముతోందట, మందాజీ అంటే మన తీపి బోండాల్లాంటివి. పదిమంది ఒకేసారి వచ్చినా చిల్లర లెక్క నోటితోనే తేలుస్తుందట. వాడు మళ్ళీ అడుగుతానన్నాడు, బిడ్డ కొంచెం పెద్దదైందిగా అన్నాడు.

సరే అండీ, టైం అయింది. ఇలా వెళ్ళాలనుకునేవాళ్ళు ఏ భాష ఎంత నేర్చుకుని వెళ్ళాలి, డబ్బు ఎంత దగ్గర పెట్టుకోవాలి, ఆరోగ్యం సంగతేంటి, ఇవన్నీ వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.